వంటమనిషిగా దీవికి వెళ్ళిన సుకన్య

పంజగుట్టలో ఓ ఇరుకు టూర్ల ఆఫీసు. అందులో కూర్చుని ఫోన్లో దీవులు అమ్మడం ఆరేళ్ళుగా సుకన్య పని. "అండమాన్‌లో చిన్న దీవి మేడమ్. పొద్దుగాల పడవెక్కాలె, ముఖానికి అద్దం పెట్టుకొని నీళ్ళలకు చూడాలె, పగడాల మీద రంగురంగుల చేపలుంటయి..." అని గడగడా చెప్పేది. యూసుఫ్‌గూడ అద్దెగది, ఈ ఆఫీసు తప్ప ఏమీ ఎరుగదు. సముద్రం మొహమైనా చూడలేదు సుమా!

ఇరవై మంది గుంపు కుదిరితే ఆఫీసుకు ఒక సీటు ఉచితం. ప్రతిసారీ ఓనరు రవికాంత్ బామ్మర్దో, బామ్మర్ది భార్యో దాన్ని తన్నుకుపోయేవారు. ఈసారి సుకన్య పట్టుబట్టింది. "ఆ పగడాలు ఒక్కసారి నన్ను సుత చూడనియ్యండి సార్." సరేనన్నాడు.

అంతలో దిగబడ్డాడు గుంపు పెద్ద అచ్యుతరావు. అమీర్‌పేటలో ఓ అపార్ట్‌మెంట్ సంఘానికి సెక్రటరీ. "వంటమనిషి లేందే మేం కదలం రవికాంత్ గారూ. అక్కడి తిండి మాకు పడదు." ఉన్నది ఒక్క సీటు. రవికాంత్ పళ్ళికిలించాడు. "సుకన్యా, నీకు వంట వచ్చుగా?"

సుకన్యకు ఒళ్ళు మండిపోయింది. అయినా పగడాల కోసం దిగమింగుకుని తలూపింది.

ఆహా, ఏం విహారం! బియ్యం, కందిపప్పు, గోంగూర పచ్చడి, కరెంటు కుక్కరు మోసుకుని దీవి మీద వాలారు మహానుభావులు. పొద్దున ఉప్మా, మధ్యాహ్నం పప్పుచారు, సాయంత్రం మిరపకాయ బజ్జీలు. తినడం, గుర్రుపెట్టి పడుకోవడం, లేచి సముద్రానికి వీపు పెట్టి ఫోటోలు దిగడం. మగవాళ్ళకు ఏసీ గదుల్లో పేకాట. ఆ భాగ్యం అమీర్‌పేటలో లేదా? నీళ్ళలోకి దిగమంటే జలుబు చేస్తుందట! మూడు రోజులూ సుకన్యకు వంటగది కిటికీలోంచి నీలంగా ఓ ముక్క కనబడింది, అంతే.

నాలుగో రోజు తిరుగు ప్రయాణం. పొద్దున్నే పగడాల పడవ వచ్చి ఆగింది. గుంపులో ఒక్కరూ అటు కదల్లేదు. సుకన్య చేతులు కడుక్కుని, చున్నీ నడుముకు బిగించి బయల్దేరింది.

"ఎక్కడికమ్మా? దారిలోకి పులిహోర చెయ్యాలిగా!" వరండాలోంచి అరిచాడు అచ్యుతరావు.

"అన్నం అయింది సార్. నిమ్మకాయలు బల్ల మీదున్నయి. జర మీరే పిండుకోండి."

"ఏంటీ! రవికాంత్ గారికి ఫోన్ చేస్తాను!"

"చెయ్యండి సార్," అని పడవెక్కింది.

గంట తర్వాత, తల నుంచి నీళ్ళు కారుతుండగా ఒడ్డుకు దిగిందో లేదో, ఫోన్ మోగింది.

"రేపట్నుంచి ఆఫీసుకు రావద్దు!" రవికాంత్ గొంతు చించుకున్నాడు. ఇవతల సుకన్య వెక్కిళ్ళు అతనికి వినబడ్డాయి. "ఇప్పుడేడిస్తే ఏం లాభం?"

"నౌకరి కోసం కాదు సార్," అంది సుకన్య. "ఆరేండ్ల సంది ఈ పగడాలను ఎంత తక్కువ చేసి చెప్పిన్నో, అది తలుసుకుంటే ఏడుపాగుత లేదు."