ట్యూబ్‌లైటు కింద పుచ్చకాయ

మా అపార్ట్‌మెంటులో అసలైన ట్యూబ్‌లైటును నేనే. ఏ విషయమైనా నాకు ఆలస్యంగా వెలుగుతుంది. క్యాన్సరు స్కాన్లు చదవడం నా బతుకుతెరువు. ఎల్బీ నగర్‌లో ఒక చీకటి గదిలో కూర్చుని పొద్దంతా జనం లోపలి నీడలు చూస్తాను. రిపోర్టు రాసేస్తే నా పని అయిపోయిందని చాలా ఏళ్లు నమ్మిన తెలివి నాది.

దిల్‌సుఖ్‌నగర్‌లో మా సెల్లార్‌లో బొగ్గుల పెట్టెతో ఇస్త్రీ చేసే ఆమెకు దగ్గు తగ్గడం లేదంటే, మా సెంటర్‌లోనే స్కాన్ తీయించాను. ఊపిరితిత్తిలో ఒక మచ్చ. నాకు నచ్చని మచ్చ.

"ఏమున్నది సారూ?" అంది.

"అంతా రిపోర్టులో రాశానమ్మా" అన్నాను. రాసిందేమిటంటే, కణితి కావచ్చు, కాకపోనూ వచ్చు, సూదితో ముక్క తీసి పరీక్షిస్తే మంచిది. అదీ ఇంగ్లీషులో. గోడ మీద పిల్లి అయినా ఇంతకన్నా తొందరగా ఏదో ఒక పక్కకు దూకుతుంది.

ఆమె ఫిల్ము పట్టుకుని మా అపార్ట్‌మెంటు అసోసియేషన్ ప్రెసిడెంటు దగ్గరికి పోయింది. ఆయన గుంటూరు నుంచి వచ్చి, ఇక్కడి కోచింగ్ సెంటర్లలో ఫిజిక్సు చెప్పి రిటైరైన మాస్టారు. కాంతి పాఠం చెప్పినవాడు కనుక, వెలుతురుకు పెట్టి చూసేది ఏదైనా తన సబ్జెక్టే. ఫిల్మును సెల్లార్ ట్యూబ్‌లైటుకు ఎత్తి, ఒక కన్ను మూసి తీర్పిచ్చేశారట: "బొగ్గు పొగే తల్లీ, ఇంకేం కాదు. మిరియాల కషాయం తాగు."

నేను వెళ్లి అడిగితే ఆమె నాకే నచ్చజెప్పింది. "పెద్దసారు ఇట్ల సూడంగనే చెప్పిండు. మీరేమో కావొచ్చంటరు, కాకపోవచ్చంటరు. సూదేసి కెలికితే లేని రోగం ఒస్తదంట గద!"

బతిమాలాను. కషాయమే గెలిచింది. దగ్గు మాత్రం ఓడిపోలేదు.

అప్పుడు వెలిగింది నాకు. స్కాన్ మిషను బాగుచేయించిన రోజు, బాటసింగారం పండ్ల మార్కెట్ నుంచి తెచ్చిన పుచ్చకాయను సరదాకి లోపల పెట్టి తీసిన ఫిల్మొకటి నా సొరుగులో ఉంది. సాయంత్రం ఆమె ఇస్త్రీ బల్ల దగ్గరే దాన్ని మాస్టారి చేతికిచ్చాను.

"ఒక కేసు మాస్టారూ. నాకు అంతుపట్టడం లేదు."

ఆయన ముఖం ట్యూబ్‌లైటు కన్నా ముందే వెలిగింది. "పొట్టండీ ఇది. నిండా గ్యాసు. ఇదిగో, రాళ్లు! ఒకటా రెండా? నీళ్లు బొత్తిగా తాగడీయన."

"ఒంటినిండా నీళ్లేనండీ."

"అయితే నీరు పట్టింది. మనిషెలా ఉన్నాడిప్పుడు?"

"అదే రోజు కోసుకు తినేశామండీ. పుచ్చకాయ. తియ్యగానే ఉంది."

ఆమె నవ్వి నవ్వి దగ్గింది. దగ్గి దగ్గి ఆగి, ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టింది. "మరి నాది సారూ?"

ఈసారి రిపోర్టు మాట ఎత్తలేదు. "క్యాన్సరని నా అనుమానం అమ్మా. ఇంకా చిన్నగానే ఉంది, ఇప్పుడైతే పట్టుకోవచ్చు. సూదితో రోగం పుట్టదు."

"గీ మాట గప్పుడే చెప్తే ఏమాయె?" అంది. "సరే, రేపు ఒస్తా."

మాస్టారు ఫిల్మును నాకు తిరిగివ్వబోయారు.

"మీ దగ్గరే ఉంచండి మాస్టారూ," అన్నాను. "సెకండ్ ఒపీనియన్‌కి మళ్లీ ఎండాకాలంలో వస్తాను."