శనివారం తూకం

డాక్టరమ్మ పోయింది. సోమవారం పొద్దున తార్నాక చౌరస్తాలో చాయ్ తాగుతుంటే మా డిపార్టుమెంటు టైపిస్టు వచ్చి చెప్పాడు. ఏ బస్సు గుద్దిందని అడిగాను. రోజూ అడిక్‌మెట్ నుంచి యూనివర్సిటీ అంతా దాటుకుని నడిచొచ్చే మనిషి, నలభై నిండీ నిండని మనిషి, ఇంకెట్లా పోతుంది?

"బస్సు కాదు తాతా, కాన్సర్. రొమ్ముల గడ్డ. ఎనిమిది నెలల నుంచి ఆమెకు తెలుసట."

నోరు మూసుకోమన్నాను. చాయ్ సగంలో పెట్టి నడిచాను. షెడ్డు తాళం తీసి, ఆమె రాగానే వీడి సంగతి చెప్దామని స్టూలు మీద కూర్చున్నాను. పదకొండయింది. ఆమె రాలేదు. అప్పుడు లేచి ఎలుకలకు నీళ్లు పోశాను.

ఆమె యూనివర్సిటీలో పాఠాలు చెప్పేది. తార్నాక వైపు చివరనున్న రేకుల షెడ్డులో ఎలుకల మీద పరీక్ష చేసేది. ఎలుకలకు మేత, నీళ్లు, వారం వారం తూకం నా పని. గుంటూరు వైపు నుంచి వచ్చిన చర్చి కుటుంబం వాళ్లది. నన్ను పెద్దయ్యా అని పిలిచేది.

షెడ్డులో మూడు వరసల బోన్లు ఉన్నాయి. మొదటి వరసకు ఎంత తింటే అంత మేత. రెండో వరసకు కొలిచి పెట్టాలి. మూడో వరసకు కడుపునిండా మేతే గాని, బోనులో తిరిగే చక్రం ఉంటుంది, ఎలుకలు దాని మీద ఉరుకుతుంటాయి. ఏ వరసలో గడ్డలు ఎక్కువ లేస్తాయి, ఎప్పుడు లేస్తాయి అన్నది చూడాలి. తిండికి, ఒంటి బరువుకు, ఒళ్లు కదలడానికి కాన్సర్‌తో సంబంధం ఉందని డాక్టరమ్మ నమ్మకం అని నేను ఒకరికి చెబితే ఆమె ఒప్పుకోలేదు. "నమ్మకం చర్చిలో పెద్దయ్యా. ఇక్కడ తూకం" అన్నది.

మొదటిసారి ఆ పరీక్ష చెడిపోయింది నా వల్లనే. ఇది డిపార్టుమెంటులో ఎవరికీ తెలియదు. ఇప్పుడు తెలియాలి.

పరీక్ష మొదలైన ఏడాది బియ్యం దొరకలేదు. మా ఇంటామె రేషన్ దుకాణం ముందు పొద్దంతా నిలబడి సగం సంచితో వచ్చేది. నేను చిన్నతనంలో అంబలి కూడా లేని రోజులు చూసినవాణ్ని. మేత బస్తా ఎదురుగా ఉండగా రెండో వరస ఎలుకలు ఖాళీ గిన్నెలు నాకుతుంటే చూడలేకపోయాను. మూగజీవాల పొట్ట కొట్టే చదువు ఏం చదువని నా సద్దిలోని జొన్నరొట్టె తుంచి ఒక్కోదానికి ఒక్కో ముక్క వేశాను. దసరాకు మొదలుపెట్టి శివరాత్రి దాకా వేశాను.

రెండో వరస బరువు పెరిగింది. ఆమె త్రాసును అనుమానించింది. కొత్త రాళ్లు తెప్పించింది. మేత తానే కొలిచింది. చివరికి డిపార్టుమెంటు పెద్ద సారు దగ్గరకు పోయి, తప్పు తన కొలతలోనే ఉందని చెప్పుకున్నది. ఆయన తలుపు తీసే ఉంచి ఇంగ్లీషులో తిట్టాడు. నాకు ఇంగ్లీషు రాదు. తల దించుకున్న మనిషిని చూస్తే భాషతో పనేముంది?

ఆమె షెడ్డుకు రాగానే చెప్పేశాను.

"అమ్మా, గా ఎలుకలకు రొట్టె పెట్టింది నేనే."

ఆమె స్టూలు మీద కూలబడింది. "రోజూనా?"

"ఐతారం తప్ప."

"ఆదివారం ఎందుకు పెట్టలేదు?"

"ఐతారం నాకు సెలవు గదా."

ఆమెకు నవ్వు వచ్చింది, వెంటనే కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి. తర్వాత మెల్లగా చెప్పింది. "పస్తు వేరు, మితం వేరు పెద్దయ్యా. వాటికి కావలసినవన్నీ ఆ కొలతలో ఉన్నాయి. ఎక్కువ మాత్రమే లేదు."

"కడుపునిండ తిని పెరిగినోళ్లకే గా తేడా తెలుస్తది" అన్నాను. తప్పు చేసింది నేను, మాట పడింది ఆమె. నా నోరు అట్లాంటిది.

ఆకలితో ఉన్నవాడికి ముందు అన్నం పెట్టాలి, వాడి దగ్గర ఈ మాట ఎత్తకూడదు, అది నిజమేనన్నది ఆమె. పెద్ద సారుకు నా పేరు చెప్పలేదు. పిల్ల ఎలుకలను తెప్పించి మొదటి నుంచి మొదలుపెట్టింది. గడ్డలు ఎక్కువ లేచేది ముసలితనంలో, ఎలుకకు అది రావడానికి రెండేళ్లు పడుతుంది. అప్పటిదాకా చేసిన దగ్గర దగ్గర ఏడాది పని నా రొట్టెముక్కల కింద పోయింది. ఆమె చేతిలో ఉన్నదే కొన్నేళ్లని అప్పుడు ఎవరికి తెలుసు?

ఈసారి నేను ఒక్క గింజ ఎక్కువ వేయలేదు. ఏడాది దాటాక మొదటి వరసలో గడ్డలు లేవడం మొదలైంది. చక్రం తిప్పేవాటికి తక్కువ, రెండో వరసకు ఇంకా తక్కువ. నా వేళ్లతో తడిమి చూసినవాణ్ని, నాకెవరూ చెప్పనక్కర్లేదు. ఇక నేనే డాక్టరునైపోయాను. బొజ్జ ఉన్న హెడ్ క్లర్కును పట్టుకుని, తిని కూర్చుంటే నీకూ గడ్డ లేస్తదని పదిమందిలో అన్నాను. ఆమె నన్ను పక్కకు పిలిచింది.

"తక్కువ వస్తుందన్నాను, రాదనలేదు. నడవమని చెప్పు, మితంగా తినమని చెప్పు. జబ్బు పడ్డవాణ్ణి మాత్రం ఏం తిన్నావని అడగకు."

పోయిన వానాకాలం ఆమె చాలా రోజులు సెలవు పెట్టింది. తిరిగొచ్చిన రోజు చీర ఒంటి మీద నిలవడం లేదు. అందరూ ఉండగా నేను గొప్పగా అన్నాను.

"అమ్మ చెప్పుడే కాదు, చేసి చూపిస్తది. ఎంత సన్నగైందో చూడుండ్రి."

"అవును పెద్దయ్యా" అని నవ్వింది ఆమె.

ఆ నవ్వు నన్ను పడుకోనివ్వడం లేదు. ఎలుక బరువు ఉన్నట్టుండి పడిపోతే దాన్ని వేరుచేసి వెంటనే తనకు చెప్పాలని ఆమె నాకు నేర్పింది. అట్లా ఎన్ని ఎలుకలను పట్టి ఇచ్చానో. మనిషి బరువు నా కళ్లముందు పడిపోతే మెచ్చుకున్నాను.

ఇప్పుడు తార్నాకలో కొందరు, అంత నడిచి అంత కొలిచి తిని ఏం బాగుపడిందని అంటున్నారు. వాళ్లకు నేను ఒకటే చెబుతున్నాను. రెండో వరసలో కూడా కొన్నింటికి గడ్డలు లేచాయి. మొదటి వరసలో ఎన్నింటికి లేచాయో వచ్చి చూడండి. ఆమె చెప్పింది తప్పు కాదు. ఆమెకే ఎందుకు వచ్చిందో నాకు తెలియదు, మీకూ తెలియదు.

బుధవారం పెద్ద సారు షెడ్డుకు వచ్చాడు. చూసేవాళ్లు లేరు, ఎలుకలను తీసేద్దామన్నాడు. రాసినదంతా ఇవ్వమంటే అల్మారా తెరిచాను. పాత రిజిస్టర్ల మీద కొత్తది ఒకటి ఉన్నది. వచ్చే ఎండాకాలం దాకా వారాలన్నీ గీతలు కొట్టి పెట్టింది. పాతవన్నీ ఇంగ్లీషు. వాటిలో ఆమె చూపించిన చోట అంకెలు వేయడమే నాకు తెలుసు. ఇది తెలుగులో, కూడబలుక్కుని చదివేవాడికి అందేంత పెద్ద అక్షరాలతో ఉన్నది. వరస. ఎలుక నంబరు. బరువు. గడ్డ ఉందా. తూచినవారు. పాతవాటిలో ఆ పక్కన ఆమె సంతకానికి ఒక గడి ఉండేది. ఇందులో ఆ గడి గీయలేదు.

పెద్ద సారు ఆ పేజీలు చివరిదాకా తిప్పాడు. "శనివారం ఎన్నింటికి తూస్తావు?" అన్నాడు.

ఎనిమిదింటికి అన్నాను.

శనివారం రెండో వరస మొదటి ఎలుకను తీసి పళ్లెంలో పెట్టాను. అది ఒక్కచోట ఉండలేదు, ముల్లు అటూ ఇటూ ఊగింది. కలం పట్టుకుని, ముల్లు నిలిచేదాకా ఆగాను.