మాస్కు కింద మొక్కు గడ్డం

నా చిన్నప్పుడు స్వైన్ ఫ్లూ మా కోనసీమ దాకా వచ్చిన ఏడాది, అది మా ఇంటి గుమ్మం కూడా తొక్కింది. కొబ్బరికాయల లోడు వెంట మహారాష్ట్ర వెళ్ళొచ్చిన మా నాన్నగారు జ్వరంతో పడ్డారు. రాజోలులో వాడిన మందులకి తగ్గలేదు. ఆయాసం మొదలయ్యేసరికి అమలాపురంలో ఒక ఆస్పత్రిలో చేర్చారు. వరండా చివర విడిగా ఉన్న గదిలో ఆయన్ని పెట్టి, ఇంటివాళ్ళెవరూ లోపలికి రాకూడదన్నారు.

అమ్మకి అప్పుడు నెలలు నిండుతున్నాయి. అంతకుముందు ఒక బిడ్డ కడుపులోనే పోయాడు. గర్భిణులకి ఈ జబ్బు సోకితే ప్రాణాపాయమని చెప్పి, డాక్టరుగారు ఆమెని ఆస్పత్రి గేటు దాకా కూడా రానివ్వలేదు. ఈ కాన్పు క్షేమంగా జరిగితే కొండకి వచ్చి తలనీలాలు ఇస్తానని వెంకన్నకి మొక్కుకున్న మా తాతయ్య, నాన్నగారి నాన్న, చాలా నెలలుగా గడ్డానికి కత్తి తగలనివ్వలేదు. మనవడో మనవరాలో భూమ్మీద పడేదాకా అది ఉండాల్సిందేనని ఆయన పట్టుదల.

ఆ ఆస్పత్రిలోనే అమ్మ చెల్లెలు, మా పిన్ని, నర్సుగా పనిచేసేది. ఒకరోజు పొద్దున్నే తాతయ్యా నేనూ జావ తీసుకుని వెళ్ళేసరికి ఆమె వరండాలో మాకోసం ఎదురుచూస్తోంది. రాత్రంతా నాన్నగారు ఆక్సిజన్ మాస్కు పీకేస్తూనే ఉన్నారట. జ్వరం మత్తులో, ముఖాలు మూసుకుని దగ్గరికొచ్చే నర్సులని చూసి భయపడుతున్నారట.

"తెలిసిన గొంతు పక్కనుంటే నిమ్మళిస్తారేమోనని డాక్టరుగారు అంటున్నారండి. ఒక్కరే, కాసేపే" అంది పిన్ని.

తాతయ్య అప్పటికే ఆ గది వైపు అడుగు వేశారు.

పిన్ని ఆయన చేతులు కడిగించి, గిన్నెలా ఉబ్బుగా ఉన్న తెల్లటి మాస్కు ఒకటి తెచ్చింది. ఎన్-95 అన్న మాట నేను మొదటిసారి విన్నది ఆవేళే. ఒక రబ్బరు పట్టీ నడినెత్తి మీదికి, ఇంకొకటి చెవుల కిందనుంచి మెడ వెనక్కి వేసి, ముక్కు మీది సన్నటి రేకుని రెండు చేతుల వేళ్ళతో నొక్కి, మాస్కు మీద అరచేతులు మూసి గట్టిగా ఊదమంది. తాతయ్య ఊదారు. దవడల పక్కన గడ్డం వెంట్రుకలు గాలికి కదిలాయి. అది నాకు కూడా కనిపించింది.

"చూసేరా మావయ్యగారూ, గాలి బయటికొచ్చే దారి ఉంటే, లోపలికెళ్ళే దారీ ఉన్నట్టేనండి."

"ఇంకాస్త బిగించమ్మా."

"ఎంత బిగించినా అంతేనండి. ఈ గడ్డంతో మిమ్మల్ని లోపలికి పంపలేనండి."

తాతయ్య చెయ్యి గడ్డం మీదికి వెళ్ళింది. లోపలి నుంచి నాన్నగారి దగ్గు వినిపిస్తోంది. దగ్గు మధ్య ఎవరినో కోపంగా కేకలు వేస్తున్నారు. మొక్కు తీరకుండా గడ్డం తీస్తే కడుపులో బిడ్డకి ఏమవుతుందోనని తాతయ్య భయం. తీయకపోతే కొడుకు. ఏం చెయ్యమంటావమ్మా అని ఆయన పిన్నిని అడిగినప్పుడు ఆ గొంతు నాకు కొత్తగా ఉంది.

"ఆ సంగతి నేను చెప్పగలిగేది కాదండి. మాస్కు సంగతే చెప్పగలను" అంది పిన్ని. ఆమె కళ్ళల్లో నీళ్ళున్నాయి గానీ మాట మెత్తబడలేదు.

తాతయ్య కాసేపు కళ్ళు మూసుకుని చేతులు జోడించారు. తర్వాత గేటు పక్కనున్న సెలూన్‌లోకి వెళ్ళారు. తిరిగొచ్చిన మనిషిని నేను వెంటనే పోల్చుకోలేదు. చెంపలు పాలిపోయి ఉన్నాయి, గడ్డం కింద చిన్న గాటు పడింది. తీసిన వెంట్రుకలని కండువా కొసన మూటగట్టుకుని ఉన్నారు. ఈసారి మాస్కు పెట్టుకుని ఊదితే ఎక్కడా గాలి పోలేదు.

ఆయన తలుపు వైపు నడవబోతే పిన్ని అడ్డం నిలబడింది. "వెళ్ళడం ఒక ఎత్తండి, వచ్చేక దాన్ని తీయడం ఇంకో ఎత్తు" అంది. ఎవరూ వాడకుండానే పట్టీ సాగిపోయి పక్కన పడేసిన మాస్కు ఒకటి ఆయనకి పెట్టి, బట్టలుతికే చోటునుంచి నీలిమందు తెప్పించి, దూదితో దాని ముందువైపంతా పులిమింది. ఇప్పుడు తీయండి అంది.

తాతయ్య దాన్ని ముందునుంచే గుప్పెట పట్టి లాగేశారు. చెమట పట్టిందేమో, కళ్ళు తుడుచుకున్నారు. బెదిరిపోయి చూస్తున్న నన్ను దగ్గరికి తీసుకుని బుగ్గ నిమిరారు. పిన్ని ఏమీ అనకుండా జావ క్యారియర్ స్టీలు మూత తీసి మా ఇద్దరి ముందూ పట్టుకుంది. ఆయన కంటి రెప్ప మీద నీలం. నా బుగ్గ మీద నీలం.

"ఇది నీలిమందు కాబట్టి కనబడిందండి. జబ్బు కనబడదు. ఇలాగే ఇంటికెళ్ళి అక్క చేతిలోంచి మంచినీళ్ళ గ్లాసు అందుకుంటారు."

తాతయ్య తన వేళ్ళకేసి చాలాసేపు చూసుకున్నారు. మళ్ళీ చూపించమన్నారు. ముందువైపు ముట్టుకోకూడదు. తల కాస్త వంచి, మెడ వెనక పట్టీ ముందు, నెత్తిమీది పట్టీ తర్వాత, పట్టీలు పట్టుకునే తీసి డబ్బాలో వదిలెయ్యాలి. ఆపైన చేతులు కడుక్కోవాలి. వేళ్ళకి ఒక్క నీలం చుక్క కూడా అంటకుండా వచ్చేవరకూ పిన్ని ఆయనచేత చేయిస్తూనే ఉంది. అప్పుడు కొత్త మాస్కు పెట్టి, గౌను తొడిగి లోపలికి పంపింది.

నేను బెంచీ మీద కూర్చున్నాను. మొదట నాన్నగారి కేకలు వినిపించాయి. తర్వాత తాతయ్య గొంతు, మాస్కులోంచి మందంగా, ఏదో చెబుతూ. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. అంత నిశ్శబ్దం దేనికో నాకు తెలియలేదు. కేకలు వినిపిస్తున్నప్పుడే నయమనిపించింది.

తలుపు తెరుచుకుంది. గౌనూ గ్లౌజులూ లోపలే వదిలి, చేతులు కడుక్కుని, మాస్కుతో బయటికి వచ్చారు తాతయ్య. తలుపు వేశారు. కళ్ళలోంచి నీళ్ళు మాస్కు మీదికి కారుతున్నాయి. నేను పరుగెత్తబోతే పిన్ని నా జబ్బ పట్టుకుని ఆపింది.

"తాతయ్యా, నాన్నగారు ఉన్నారా?" అని అడిగాను.

ఆయన చెయ్యి చప్పున మాస్కు దాకా లేచింది, దాన్ని కిందికి లాగి నాకు జవాబు చెప్పడానికి. వేళ్ళు దానికి తగలబోతూ ఆగిపోయాయి. తల ఊపినా సరిపోయేదని ఇప్పుడు అనిపిస్తుంది. కానీ ఆ క్షణంలో ఆయన ధ్యాసంతా ఆ చేతుల మీదే ఉంది. నాకేసి చూడకుండా తల వంచారు. కింది పట్టీ తీశారు. పై పట్టీ తీశారు. మాస్కుని డబ్బాలో వదిలి, కుళాయి దగ్గరికి వెళ్ళి, గోళ్ళ సందులు కూడా రుద్దుకుని కడుక్కున్నారు. నేను ఏడుస్తూనే ఉన్నాను. ఆయన మీద అంత కోపం నాకు ఎప్పుడూ రాలేదు.

అప్పుడు వచ్చి నన్ను ఎత్తుకున్నారు. "నిద్రపోతున్నాడమ్మా. నా గొంతు పోల్చేడు. గాలి పెట్టించుకున్నాడు" అన్నారు.

నాన్నగారు మెల్లగా కోలుకున్నారు. మా ఇంట్లో ఇంకెవరికీ జ్వరం రాలేదు. చెల్లెలు పుట్టాక తాతయ్య కండువా మూటతో సహా కొండకెళ్ళి తలనీలాలు ఇచ్చి వచ్చారు. స్వామితో ఏం చెప్పుకున్నారో ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు నేనూ నర్సునే. నా తర్వాత చేరిన పిల్లలకి మాస్కు పెట్టుకోవడం, తీయడం నేర్పుతుంటాను. వార్డు బయట ఎప్పుడూ ఎవరో ఒకరు నిలబడి ఉంటారు. తలుపు తీయగానే నా కళ్ళలోకి చూసి, ఎలా ఉన్నారని అడుగుతారు. చెయ్యెత్తి ఆగమంటాను. ఆ కాసేపూ నేను వాళ్ళకి రాతిమనిషిలా కనిపిస్తానని నాకు తెలుసు. అయినా తొందరపడను. మాస్కు తీసి, చేతులు కడుక్కుని, వెళ్ళి వాళ్ళ పక్కన కూర్చుని, అప్పుడు చెబుతాను.