అరవై రెండో పేజీ తర్వాత

మా టీచరమ్మ పోయారని మూడు వారాల కిందట ఒక ఆదివారం వైట్‌ఫీల్డ్ నుంచి ఆమె తమ్ముడి కూతురు ఫోన్ చేసి చెప్పింది. నేనప్పుడు చీరలకు గంజి పెడుతున్నాను. ఫోన్ పెట్టేసి, మిగిలిన రెండు చీరలకూ గంజి పెట్టి ఆరేశాను. ఏం చేయాలో తోచనప్పుడు చేతిలో ఉన్న పని ముగించడం నాకు అలవాటు. తర్వాత వెళ్ళి మేడమెట్ల మీద కూర్చున్నాను. ఆ మెట్లెక్కి ఆమెతో చెప్పవలసిన మాట ఒకటి నా దగ్గర ఏళ్ళ తరబడి ఉండిపోయింది. ఇక చెప్పే వీలు లేదు కనుక ఇక్కడ రాస్తున్నాను.

నగర్తపేటలో మా ఇంటి మేడమీది గదిలో ఆమె ఇరవై ఏళ్ళకు పైగా అద్దెకున్నారు. ఆడపిల్లల బడిలో ఇంగ్లీషు చెప్పేవారు. పెళ్ళి చేసుకోలేదు. రిటైరైన మరుసటి నెల ఒక పాత టైపు మిషన్ కొని తెచ్చి, మా పేటలో జరీ దారం చుట్టే ఆడవాళ్ళ మీద ఇంగ్లీషులో నవల మొదలుపెట్టారు. మిషన్ సరిగ్గా మా వంటింటి నెత్తిన ఉండేది. చప్పుడు ఆగిపోతే కథ ఎక్కడో ఇరుక్కుందని నాకు కింద తెలిసిపోయేది. కాసేపటికి ఆమె దిగి వచ్చి, "అమ్మణ్ణీ, ఒలిచేదానికి ఏమన్నా ఉండాదా?" అని అడిగేవారు. అనపకాయలో బఠాణీలో ముందర పెడితే మాట్లాడకుండా ఒలిచి, ఉన్నట్టుండి సగంలో లేచి పైకి పోయేవారు. మళ్ళీ చప్పుడు మొదలయ్యేది. మిగతా సగం నేను ఒలుచుకునేదాన్ని.

నవల పూర్తయ్యాక దాన్ని ఏజెంట్లకు పంపాలన్నారు. రచయిత తరఫున పుస్తకాల కంపెనీలతో మాట్లాడేవాళ్ళట.

"అంటే మన కాటన్‌పేట బట్టల దళారీ మాదిరేనా టీచరమ్మా?" అన్నాను.

"అట్లే అనుకో. కాకుంటే వీళ్ళకు సరుకు నచ్చితేనే బేరం. నచ్చకపోతే మన మొగం గూడా చూడరు."

ఏ కాగితం ఎప్పుడు ఎవరికి పంపామో రాసిపెట్టే పని నేను తీసుకున్నాను. ఇంట్లో పాలవాడి లెక్క నుంచి పిల్లల టీకాల దాకా అన్నీ రాసిపెట్టేదాన్ని, ఇదేం కష్టం? ఎనిమిది మందికి పంపాం. అయిదుగురి నుంచి జవాబు లేదు. "జవాబు రాలేదంటే ఇంకా చదువుతా ఉండారని అర్థం," అనేవారామె, ఏడాది దాటినా. ఇద్దరు వద్దన్నారు. ఢిల్లీ నుంచి ఒకామె మాత్రం రెండు పేజీల ఉత్తరం రాసింది. నడుమ సాగదీశారు, తగ్గించండి, మొదలు మార్చండి, సవరించి పంపితే మళ్ళీ ఒక్కసారి చూస్తాను అని. ఆ రోజు టీచరమ్మ మా ఇంటిల్లిపాదికీ మైసూర్‌పాక్ తెచ్చారు. "మళ్ళీ చూస్తానన్నాది అమ్మణ్ణీ. ఒక్కసారే. రెండోసారి వద్దంటే ఇంక తలుపు మూసినట్లే," అన్నారు.

సవరించడానికి రెండేళ్ళు పట్టింది. కత్తెరతో పేరాలు కత్తిరించి, వేరే కాగితాల మీద అతికించి, వాటిని చూసి మళ్ళీ టైపు చేసేవారు. అతికించడానికి మా ఇంటి గంజే. నేను చీరలకు కాచిన రోజున గిన్నె పట్టుకుని వచ్చేవారు. "నీ గంజి లేకుంటే నా కథ నిలబడదు" అని నవ్వేవారు. కొట్టేసిన వాక్యాలు చూసి నేను అయ్యో అంటే, "కొట్టేసిన మాట ఊరికే పోదమ్మా, దాని తర్వాత వచ్చే మాటకు దారి చూపించి పోతాది," అన్నారు. నాలుగు వందల చిల్లర పేజీలు రెండు వందల తొంభై అయ్యాయి. అప్పటికి ఆమె చూపు బాగా తగ్గింది. వేళ్ళలో బలం లేక కార్బన్ కింద కాగితం మీద అక్షరాలు పడలేదు. జిరాక్స్ తీయిద్దామంటే, "ముందర పోనీ, తిరిగొస్తే చూస్తాం" అన్నారు. పేజీలకు నంబర్లు మాత్రం నేనే ఇంకు పెన్నుతో, కింద కుడి మూలన వేశాను.

మా ఇంట్లో కొత్తది ఏదైనా, లెక్కల పుస్తకమైనా పెళ్ళి పత్రికైనా, మూలలకు పసుపు రాయకుండా గడప దాటదు. మొదటిసారి పంపినప్పుడు పై కాగితానికి మాత్రమే రాశాను. "ఢిల్లీ ఆమె కూర ఒలికిందనుకుంటాది," అని టీచరమ్మ ఎగతాళి చేశారు. రెండోసారి ఆమెకు చెప్పలేదు. ఒక్క కాగితానికే రాయడం వల్లే కలిసిరాలేదేమో, ప్రతి పేజీకీ తగలాలి అనిపించింది. కట్టంతా సర్ది, కింది మూలన అంచు పొడుగునా వేలితో పసుపు పూశాను. పొడి రాలి తెల్ల కాగితాలు పాడవుతాయేమోనని అందులో కాస్త గంజి కలిపాను. అంచులు వంగకుండా పైన రోలు పెట్టి, మధ్యాహ్నం దాకా ఉంచి, పోస్టు చేసి వచ్చాను. చాలా జాగ్రత్తగా చేశాననుకున్నాను.

నాలుగు నెలలకు కట్ట తిరిగి వచ్చింది. నేనే అందుకున్నాను. పైన ఒక చిన్న కాగితం: మళ్ళీ పంపినందుకు కృతజ్ఞతలు, తీసుకోలేకపోతున్నాం. అంతే. కట్ట విప్పి చూస్తే అరవై రెండో పేజీ దాకా ఎవరో ఓపికగా ఒక్కొక్కటీ విడదీసి ఉన్నారు. ఆ తర్వాతవన్నీ ఇటుకలాగా అతుక్కునే ఉన్నాయి.

అతుక్కున్నందుకు చదవడం ఆపేసిందా, లేక నచ్చక ఆపేసి తక్కినవి విడదీయలేదా? ఆ రోజు నుంచి ఈ రోజు దాకా నాకు తెలియలేదు. తెలుసుకునే దారి కూడా లేదు.

నీళ్ళు మరగబెట్టి ఆవిరి మీద ఒక్కొక్క పేజీ విడదీశాను. కాగితాలు చిరగలేదు గానీ ఆ మూల నేను వేసిన నంబర్లు పసుపుతో కలిసి కరిగిపోయాయి. ఆరిన తర్వాత మళ్ళీ వేద్దామనుకునే లోపలే పైనుంచి పిలుపు.

"పొద్దున పోస్టతను వచ్చినట్లుండాది. మనకేమన్నా ఉండాదా?"

వరస తప్పకుండా కట్టి పైకి తీసుకెళ్ళాను. ఉత్తరం చదివి వినిపించాను. ఆమె కట్టను ఒళ్ళో పెట్టుకుని, అంచు మీద బొటనవేలితో రాస్తూ అడిగారు. "నువ్వు విప్పి చూసినావు గదా. ఎంతదాకా చదివినట్లుండాది?"

ఆమె బాధపడకూడదని, నా తప్పు బయటపడకూడదని కూడా, "అంతా చదివినట్లే ఉంది టీచరమ్మా," అన్నాను.

"అట్లయితే పుస్తకం బాగలేదన్నట్లే. పూర్తిగా చదివి వద్దన్నాది. సగంలో విడిచిపెట్టి ఉంటే, ఏదో తీరిక లేకపోయిందిలే అనుకుందును," అన్నారు. కట్టను ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేశారు.

మరుసటి వారం టైపు మిషన్ ఎవరికో ఇచ్చేశారు. అనపకాయలు ఒలవడానికి వచ్చేవారు గానీ, ఇప్పుడు ఆఖరి కాయ దాకా ఒలిచేవారు.

ఒక్క మాట చెప్పి ఉంటే, జరిగింది ఇదీ అని ఢిల్లీకి ఉత్తరం రాసి ఉండేవాళ్ళమేమో. ఎన్నోసార్లు మెట్ల దాకా వెళ్ళాను. ఆలస్యమైన కొద్దీ ఆ మాట ఇంకా బరువైంది. రెండేళ్ళ క్రితం తమ్ముడి కూతురు ఆమెను వైట్‌ఫీల్డ్‌కు తీసుకుపోయింది. కారెక్కుతూ నా చెయ్యి పట్టుకుని, "నా కాగితాలు చక్కగా చూసుకున్నావమ్మా," అన్నారు. నేను తలూపాను.

పదో రోజు ముగిశాక ఆ అమ్మాయి వచ్చి ఒక ప్లాస్టిక్ సంచి ఇచ్చింది. "ఆంటీ, ఇది మీకే ఇమ్మని చెప్పింది అత్త. సారీ, ట్రంకు దించేటప్పుడు దారం తెగి అన్నీ కలిసిపోయాయి."

ఇన్నేళ్ళూ ఆ పేజీలను నేను లెక్కపెట్టానే గానీ చదవలేదు. నా ఇంగ్లీషు అంతంతమాత్రం. ఇప్పుడు చదవక తప్పడం లేదు. అరవై రెండు దాకా నంబర్లు ఉన్నాయి. ఆ తర్వాత ఏ పేజీ వెనక ఏది వస్తుందో తెలియాలంటే ఒక పేజీ చివరి మాట పట్టుకుని, దాన్ని అందుకునే మాట ఏ కాగితం మీద మొదలవుతుందో వెతకాలి. డిక్షనరీ పక్కన పెట్టుకుని రోజుకు మూడు నాలుగు కుదురుస్తున్నాను. కుదిరిన వాటికి పెన్సిలుతో నంబరు వేస్తున్నాను. బాగుందో బాగలేదో చెప్పేంత దాన్ని కాను. నిన్న ఒకచోట మాత్రం వంట మరిచిపోయాను.

ఇవాళ డెబ్భై ఒకటో పేజీ దగ్గర ఆగాను. జరీ దారం చుట్టే అమ్మాయి కండె చేతిలో పట్టుకుని మేడమెట్ల కింద నిలబడింది. పైకి చూసింది. అక్కడితో కాగితం అయిపోయింది. మిగిలినవన్నీ హాలులో చాప మీద పరిచి, ఫ్యాను ఆపేసి కూర్చున్నాను. ప్రతిదానికీ మూలన పసుపు మరక. ఆ అమ్మాయి మెట్లెక్కిందో లేదో చెప్పే కాగితం ఏదోనని, ఒక్కొక్కటీ తీసి చూస్తున్నాను.