వెనక్కి వచ్చిన మూటగుడ్డ

నెవ్రెస్ కుట్టిన గుడ్డకు వెనకవైపు అంటూ ఉండదు. ఎటు తిప్పినా అదే దానిమ్మ పువ్వు, అదే ఆకు. దారం కొస ఎక్కడ దాచిందో వెతికి వెతికి నాకే విసుగొచ్చేది. పదకొండేళ్లు ఆమె పక్కన కూర్చుని కుట్టినదాన్ని నేను. నా గుడ్డ వెనక్కి తిప్పితే కోడి కెలికినట్టు ఉండేది.

ఏడేళ్లప్పుడు ఆమెను బానిసగా కొని, ఓడలో తెచ్చి ఇస్తాంబుల్ అంతఃపురంలో దించారట. కన్నతల్లి ముఖం కూడా సరిగా గుర్తులేదు. అప్పుడు కుట్టుగదికి పెద్దగా ఉన్న షాదియే ఆ పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని సూది పట్టించింది. కొన్నాళ్లకు షాదియేకు విడుదల కాగితం వచ్చింది. నీళ్లకు అవతల, ఉస్క్యుదార్‌లో చిన్న ఇల్లు తీసుకుంది. వెళ్లేరోజున నెవ్రెస్ ఆమె చెయ్యి వదలలేదట.

"ఏడవకే పిచ్చిమొహమా! తొమ్మిదేళ్ల కొలువు నిండితే నీకూ కాగితం ఇస్తారు. నీ పరుపు వేసే ఉంచుతాను, వచ్చెయ్" అంది షాదియే.

తొమ్మిది నిండాయి, పద్నాలుగూ నిండాయి. మంచి చేతిని ఎవరు వదులుకుంటారు చెప్పండి? నా కాగితం మాత్రం సరిగ్గా తొమ్మిదో ఏటే నా చేతిలో పెట్టారు మహానుభావులు! ఎక్కడికి పోవాలో తెలియక నేనే జీతానికి ఉండిపోయాను. ఉస్క్యుదార్ నుంచి కబుర్లు తెచ్చేదాన్ని కూడా నేనే. షాదియేకు చూపు తగ్గుతోంది, దగ్గు ఎక్కువవుతోంది. వెళ్లినప్పుడల్లా ఒకటే మాట, "దాన్నెప్పుడు పంపుతారే?"

ఆ రోజుల్లో మా రాజమాతకూ, ఉత్తరదేశపు రాణికీ ఇచ్చిపుచ్చుకోవడాలు ఉండేవి. ఒకరి ముఖం ఒకరు చూసింది లేదు. మగాళ్లు సరిహద్దులో కయ్యానికి కాలు దువ్వుతుంటే వీళ్లిద్దరూ రుమాళ్లు, అత్తర్లు, ఉత్తరాలు పంపుకుంటూ సర్దిచెప్పేవారు. ఒక ఏడు పెద్ద కానుక కట్టారు. దాన్ని చుట్టే మూటగుడ్డ నెవ్రెస్ కుట్టింది. ఎనిమిది నెలలు పట్టింది. మా దగ్గర లోపలున్న బంగారంకంటే పైనున్న గుడ్డనే ముందు చూస్తారు. రాజమాత దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది ఆ రాణికి నచ్చిందని తెలిసిన రోజున నీ కాగితం నీకిస్తాను" అంది.

రెండేళ్లకు జవాబు కానుకలు వచ్చాయి. పెట్టె తెరిచాం. నక్కతోళ్లు, పసుపుపచ్చ అంబరు పూసలు, గంటలు కొట్టే గడియారం. అన్నిటికీ అడుగున, నీటుగా మడిచిపెట్టి, మా మూటగుడ్డ.

పెళ్లిమాట చెడితే మా ఊళ్లో ఆడపిల్లవాళ్లు చేసే పని అదే. మూటగుడ్డ మడిచి వెనక్కి పంపేస్తారు. ఇంకో మాట అక్కర్లేదు.

"మొహాన కొట్టినట్టు పంపించింది" అంది బట్టల గది పెత్తనం చేసే మెహ్‌వెష్. రాజమాత ముఖం ఎర్రబడింది. "జవాబు రాయొద్దు. ఆ గుడ్డ నా కళ్లబడకుండా తీసేయండి" అని లేచి వెళ్లిపోయింది. నెవ్రెస్ కాగితం సంగతి ఇంకెవరెత్తుతారు?

ఆ వారమే షాదియే మంచం పట్టిందని తెలిసింది. నేను ఏడ్చాను. నెవ్రెస్ ఏడవలేదు. తప్పెక్కడ జరిగిందో చూద్దామని ఆ గుడ్డ ఒళ్లో పరుచుకుంది. ఎండు ఆపిల్ వాసన వేసింది. ఒక మూల దగ్గర ఆమె వేలు ఆగిపోయింది.

"పెరిదిల్, ఇది నా కుట్టు కాదే."

నాకేం కనబడలేదు. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూపించింది. ఎలుక కొట్టినట్టుంది, నాలుగు వేళ్లంత మేర. ఎవరో కొత్త గుడ్డ అతికి, సగం పువ్వు, ఒక ఆకు మళ్లీ కుట్టారు. ఎరుపు రవ్వంత తేడా. వెనక్కి తిప్పితే వెనకా అలాగే ఉంది.

"ఎవరో గానీ, మూడుసార్లు కుట్టి విప్పింది. సూది గుర్తులు చూడు" అంది నెవ్రెస్. అప్పుడు ఏడ్చింది.

గుడ్డ చంకన పెట్టుకుని రాజమాత గదికి బయల్దేరింది. గుమ్మం దగ్గర మెహ్‌వెష్ అడ్డుపడింది. "ఒళ్లు తెలుస్తోందా నీకు? పిలవకుండా ఆవిడ ముందుకి వెళ్తావా?"

"నువ్వు తప్పుకో తల్లీ" అని నేనే మెహ్‌వెష్ జబ్బ పట్టుకుని పక్కకు లాగాను. జీతం పోతే పోయిందనుకున్నాను.

నెవ్రెస్ మోకాళ్ల మీద కూర్చుని గుడ్డ పరిచింది. "సుల్తానమ్మా, ఇది చిరిగితే అక్కడెవరో బాగుచేశారు. వద్దనుకున్న గుడ్డని ఎవరైనా ఇంత కష్టపడి కుడతారా?"

"ఏదీ? ఎక్కడ?" రాజమాత వంగి చూసింది, కనబడలేదు. నెవ్రెస్ ఆవిడ వేలు పట్టుకుని ఆ పువ్వు మీద పెట్టింది. సుల్తాను తల్లి వేలు!

"మరి వెనక్కెందుకు పంపింది?"

"మూట విప్పుకున్నాక గుడ్డ ఇచ్చేయడం వాళ్ల మర్యాదేమో సుల్తానమ్మా. పక్కింటివాళ్ల గిన్నె కడిగి ఇచ్చేసినట్టు."

రాజమాత ఆ పువ్వును ఇంకోసారి తడిమి చూసింది. తరవాత పకపకా నవ్వింది. "ఇంకా నయం, యుద్ధం దాకా పోయేవాళ్లం!" జవాబు ఉత్తరానికి రాయసగాణ్ణి పిలిపించింది. ఆ కలంతోనే నెవ్రెస్ కాగితం కూడా రాయించింది. "గుడ్డ నువ్వే తీసుకుపో. దాని నోరు విప్పించింది నువ్వే" అంది.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం పడవెక్కాం. షాదియే గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. చూపు పూర్తిగా పోయింది. పక్కన ఇంకో పరుపు వేసి ఉంది, ఉతికిన దుప్పటితో. నెవ్రెస్ గుడ్డ ఆమె ఒళ్లో పెట్టింది. ముసలామె వేళ్లు అంచు వెంట పాకాయి. "వచ్చావా తల్లీ!" అంది. వేళ్లు మూల దగ్గరికి వచ్చి ఆగాయి.

"ఇక్కడ నువ్వు కాదే. ఎవరీ పిల్ల?"

"తెలీదమ్మా. చాలా దూరం, ఉత్తరదేశం."

"మన కుట్టు ఎవరూ నేర్పకుండానే ఇంత కుట్టిందా! దానికి పక్కన ఎవరైనా ఉన్నారో లేదో పాపం" అంటూ నెవ్రెస్ చెయ్యి వెతికి పట్టుకుంది.

నేను బయటికొచ్చి, ఏ పాపమూ ఎరగని పడవవాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాను. ఏడుపు ఆపుకోవాలిగా మరి.