బుధవారం చట్టి

కృపాదానం ఆసుపత్రిలో చివరగా చేసిన సొంత పని చట్టి తోమడం. ఆ బుధవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక, దుప్పట్లు ఉతికే షెడ్డు పక్కన కుళాయి దగ్గర గొంతుక్కూర్చుని, కొబ్బరిపీచుతో ఆ పెద్ద మట్టిచట్టిని లోపలా బయటా రుద్ది పిట్టగోడ మీద బోర్లించాడు. ఆడవాళ్ల వార్డులో ఆయాగా చేసే రోజారమణి, "ఇట్టా తే అన్నా, నేను తోముతా" అంటే ఎప్పటిలాగే ఒప్పుకోలేదు.

"వొద్దు రోజమ్మా. మా ఇంటామె చట్టి ఇంకొకరు ముట్టుకుంటే ఆమెకి తెలిసిపోద్ది. ఇంటికి పోతే నాకు అక్షింతలు."

అంతలో లోపలినుంచి "స్ట్రెచర్!" అని కేక వినిపించింది. చేతులు ప్యాంటుకు తుడుచుకుంటూ పరిగెత్తాడు. సాయంత్రం పోయేటప్పుడు చట్టి తీసుకుపోవడం మరిచిపోయాడు. మర్నాడు తెల్లవారి ఆయన నిద్ర లేవలేదు. చట్టి మాత్రం పిట్టగోడ మీద ఎండుతూ ఉండిపోయింది.

వెంకటాచలం దాటాక హైవే పక్కనున్న ఆ ఆసుపత్రిలో కృపాదానం స్ట్రెచర్ తోసేవాడు. తాత్కాలిక ఉద్యోగి. పెద్ద డాక్టర్లు మారారు, లిఫ్టు మారింది, గేటు మీద పేరుబోర్డు కూడా మారింది. కృపాదానం మాత్రం తల నెరిసేదాకా తాత్కాలికంగా అక్కడే ఉన్నాడు. ఆయన పేరు చాలామందికి తెలియదు. "స్ట్రెచర్" అని అరిస్తే బండీ మనిషీ ఇద్దరూ వచ్చేవాళ్లు.

ఆపరేషనుకు పోయే రోగి భయపడకుండా కబుర్లు చెప్పడం ఆయనకు అలవాటు. ఆయనకు తెలిసిన కబురు ఒక్కటే, ఇంటామె మగ్దలీనమ్మ చేసే చేపల పులుసు. ముందురోజు రాత్రినుంచి పచ్చి మంచినీళ్లయినా ముట్టని రోగికి, కారిడారు పొడుగునా, చింతపండు పులుసులో చేపముక్క ఎలా ఊరుతుందో వర్ణించేవాడు. బుచ్చిరెడ్డిపాలెం నుంచి వచ్చిన ఒక రైసుమిల్లు ఆయన మత్తు దిగి కళ్లు తెరవగానే పక్కనున్న భార్యను పలకరించలేదు. "మామిడికాయ ముక్కలు ఎప్పుడేస్తారు?" అని అడిగాడు.

ఆ పులుసు నెలకొకసారి ఆసుపత్రికి వచ్చేది. జీతాల రోజున తాత్కాలికపు వాళ్లందరూ తలా కొంచెం వేసుకుంటే, మరో ఆయా పిచ్చమ్మ తమ్ముడు చిన్నపోలయ్య పులికాట్ వైపు నుంచి చేప పంపేవాడు. రాత్రికి పులుసై, మర్నాటికి ఊరి, మధ్యాహ్నం షెడ్డు వెనక అందరి కంచాల్లోకి వచ్చేది. వార్డులవాళ్లు, లిఫ్టు పెంచల్, అందరూ ఒకచోట కూర్చునేది ఆ ఒక్క పూటే.

"మనకి యూనిఫారం లేదు, గుర్తింపు కార్డు లేదు. ఈ చట్టి ఒకటుండాది. దీని చుట్టూ కూర్చుంటేనే మనం ఎవరో మనకి తెలిసేది" అనేవాడు కృపాదానం.

ఆ చట్టికే ఎసరు వచ్చింది. దగ్గర్లో రొయ్యల కంపెనీ పెట్టారు. అక్కడ వారంవారం కూలి. ఆసుపత్రిలో చేరినవాళ్లు నెల తిరక్కుండానే రొయ్యలు వొలవడానికి పోతుంటే మేనేజరు కిషోర్ బాబు తల పట్టుకున్నాడు. చివరికి, ఇకమీదట తాత్కాలికపు వాళ్లకు కూడా వారం జీతమేనని, ప్రతి శనివారం ఇస్తామని ప్రకటించాడు.

మొదట అందరూ ఎగిరి గంతేశారు. వారం జీతమంటే వారానికొక పులుసు! పెంచల్ ఆ ఆనందంలో లిఫ్టును మూడో అంతస్తులో వదిలేసి కిందికి దిగొచ్చాడు. మొదటి శనివారం జీతాలు చేతికొచ్చాకగాని పిచ్చమ్మకు వెలగలేదు.

"ఓరి నాయనో, శనివారం! వెంకన్నసామి రోజు. ఈ రోజు నీసు పేరెత్తితే మా ఇంట్లో నన్ను గడప తొక్కనీరు."

"ఈ పూట వండి రేపు తినేదేగా అత్తా" అన్నాడు పెంచల్.

"రేపు ఆదివారం రా అబ్బయా. సగం మందికి సెలవు. కృపాదానం పొద్దున గుడికి పోతే ఎప్పుడొస్తాడో వాళ్ల పాస్టరుకే తెలీదు."

"పోనీ సోమవారం."

"సోమవారం నువ్వు శివుడికి ఒక్కపొద్దు గదరా!" అని రోజారమణి గుర్తు చేసింది.

మంగళవారం ఆంజనేయస్వామి. అదీ పెంచల్ ఖాతాలోదే. గురువారం నీసు ముట్టనని రోజారమణి సాయిబాబాకు మొక్కుకుంది. శుక్రవారం కృపాదానానికి ఉపవాస ప్రార్థన, మిగిలినవాళ్లకు అమ్మవారు. ఆ ఒక్కరోజు విషయంలో రెండు మతాలకూ తేడా రాలేదు. అన్నీ పోగా మిగిలింది బుధవారం. ఆ రోజు ఏ దేవుడూ అడ్డం రాలేదుగాని డబ్బు అడ్డం వచ్చింది. శనివారం చేతికొచ్చిన జీతం ఆదివారం కోడికూరలో కొంత, సోమవారం బడిఫీజులో కొంత కరిగి, మంగళవారానికి జేబుల్లో బస్సు టిక్కెట్లు మిగిలేవి.

రెండు మూడు వారాలు చట్టి పొయ్యెక్కలేదు. కలిసి కూర్చోవడం పోయింది. ఎవరి డబ్బా వాళ్లు తెరిచి ఎవరి మూల వాళ్లు తిన్నారు. ఇద్దరు కొత్త ఆయాలు వారం జీతం పుచ్చుకుని మరీ రొయ్యల కంపెనీకి పోయారు. కృపాదానం స్ట్రెచర్ మీది రోగులతో మాట్లాడడం మానేశాడు. "ఆయనకి ఒంట్లో బాగలేదా? నాకే భయమేస్తా ఉండాది" అని ఒక రోగి రోజారమణిని అడిగాడు.

చివరికి ముగ్గురు కలిసి మేనేజరు గదికి పోయారు. కృపాదానం ముందు, వెనకనుంచి తోయడానికి రోజారమణి, పిచ్చమ్మ.

"జీతం బుధవారం ఇప్పించండి సార్."

కిషోర్ బాబు కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. "బుధవారమే ఎందుకు? గురువారం పొద్దున రొయ్యల కంపెనీలో మనుషుల్ని తీసుకుంటారని నాకు తెలీదనుకున్నారా? డబ్బు తీసుకుని ఉడాయిస్తారా?"

"అయ్యో, అది కాదు సార్..." కృపాదానం నసిగాడు.

"చెప్పన్నా! పులుసని చెప్పు" అని రోజారమణి వెనకనుంచి పొడిచింది.

"ఏం పులుసు?" అన్నాడు మేనేజరు.

ఇక దాచేదేముంది, కృపాదానం వారాలన్నీ వరసగా చదివాడు. కిషోర్ బాబు వేళ్లు ముడుస్తూ విన్నాడు.

"మంగళవారం జీతమిస్తే? ఆ రాత్రే వండుకుని బుధవారం తినొచ్చుగా?"

"మంగళవారం మన ఓనరుగారు బీరువా తలుపు తియ్యరు గదా సార్, లచ్చిందేవి బయటికి పోద్దని."

అది నిజమే. కిషోర్ బాబు లేచి గది తలుపు దగ్గరగా వేశాడు. ఆయన మెల్లగా అన్నాడు: "మా ఇంటావిడ మెర్లిన్ ఫ్లాట్‌లో చేప వండనివ్వదయ్యా. కర్టెన్లకి వాసన పడుతుందంట. నాకొక గిన్నె తీసిపెడితే బుధవారం చేస్తా."

నోటీసుబోర్డు మీద కాగితం అంటించారు. పరిపాలనా సౌలభ్యం దృష్ట్యా తాత్కాలిక సిబ్బందికి ఇకపై ప్రతి బుధవారం వేతనం చెల్లించబడునని పెంచల్ పైకి చదివాడు.

"పులుసనే మాట యాడుందిరా?" అంది చదువురాని పిచ్చమ్మ.

"పెద్దోళ్లు దాన్ని సౌలభ్యమంటారులే అత్తా."

తెల్లవారితే జీతమన్న నమ్మకంతో చిన్నపోలయ్య మంగళవారం సాయంత్రమే చేప పంపేవాడు. నెలజీతానికి కొరమీను వచ్చేది, వారంజీతానికి కానాగంతలు వచ్చాయి. ఎవరో పెదవి విరిస్తే, "మా ఇంటామె ఏమనిందో తెలుసునా? చేప చిన్నదైతే చింతపండు పులుపు తగ్గుద్దా అనింది" అన్నాడు కృపాదానం.

సముద్రం పక్క ఊళ్లో పుట్టి కూడా రోజారమణికి ఆ పులుసు కుదిరేది కాదు. అత్తగారు కంచంలో వేలు ముంచి నిట్టూర్చేది. అందుకని రోజారమణి కృపాదానం ద్వారా మగ్దలీనమ్మను సందేహాలు అడిగించేది. నెలకోసారి అడిగే సందేహం ఇప్పుడు వారానికోసారైంది. ఆయన ఒక్కదానికీ అక్కడికక్కడ జవాబు చెప్పేవాడు కాదు. "ఆమెని అడిగొస్తా" అని వెళ్లి మర్నాడు తెచ్చేవాడు.

"మామిడికాయ దించే ముందర వెయ్యాలంట రోజమ్మా. ఆ మాత్రం తెలీదా ఆ పిల్లకి అని నవ్వింది."

ఇంకో వారం, "గరిట పెట్టినావా? పెట్టకూడదంట. చట్టి అంచులు గుడ్డతో పట్టుకుని తిప్పాలంట. గరిటతో కెలికేదానికి చేపెందుకు, పప్పు చేసుకోమను అనింది."

రోజారమణికి ఒళ్లు మండేది. ఎన్నడూ చూడని ఆ మనిషి లావుగా, చేతినిండా గాజులతో, పొయ్యి ముందు పీట మీద కూర్చుని తనను చూసి నవ్వుతున్నట్టు కనిపించేది. ఎప్పటికైనా ఆమె చేత ఔననిపించుకోవాలని పట్టుపట్టింది.

నిద్రలోనే పోయిన కృపాదానాన్ని సొంతూరు నాయుడుపేట తీసుకుపోయి సమాధి చేశారు. రోజారమణికి ఆ రోజు సెలవు దొరకలేదు. తర్వాతి బుధవారం జీతాలిచ్చారు. మధ్యాహ్నం కిషోర్ బాబు అలవాటుగా గిన్నె పట్టుకుని షెడ్డు వెనక్కి వచ్చాడు, పిట్టగోడ మీది చట్టిని చూసి ఖాళీ గిన్నెతోనే వెనక్కి తిరిగాడు.

ఆ పైవారం రోజారమణి చట్టిని ఇంటికి పట్టుకుపోయింది. మంగళవారం రాత్రి, మగ్దలీనమ్మ చెప్పి పంపిన ప్రతి మాటా తలుచుకుంటూ, గరిట ముట్టకుండా పులుసు చేసింది. అత్తగారు వేలు ముంచి నిట్టూర్చలేదు. రెండోసారి ముంచింది. బుధవారం మధ్యాహ్నం సగం షెడ్డు వెనక వడ్డించి, మిగిలిన సగం చట్టితో సహా కృపాదానం ఇంటికి తీసుకుపోయింది.

తలుపు తీసిన మనిషి సన్నగా, పొట్టిగా ఉంది.

"రోజమ్మవా? ఆయన చెప్తా ఉండేవాడు. రా బిడ్డా" అంటూనే చట్టి మీది మూత తొలగగానే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని రెండడుగులు వెనక్కి వేసింది. "అది బయట పెట్టమ్మా. ఏమనుకోవద్దు."

రోజారమణికి ఏడుపు వచ్చినంత పనైంది. "రుచన్నా చూడకుండానే వంక పెడతారా అక్కా? మీరు చెప్పినట్టే చేసినా. మామిడికాయ కూడా దించే ముందరే వేసినా."

"నేనేం చెప్పినా? ఏం మామిడికాయ?" మగ్దలీనమ్మ తెల్లబోయింది. "నాకు చేప వాసనే పడదు బిడ్డా, పెళ్లి కాకముందు నుంచీ. ఆయన చట్టి పొయ్యి మీద పెట్టినాడంటే, నేను చాప చుట్టుకుని పోయి పక్కింటి రెబెక్కమ్మ దగ్గర పడుకునేదాన్ని."