మునిరత్నమ్మ పసుపు పూసిన రాయి

తిరుపతి చివర, ఆటోలు వెనక్కి తిరిగే చోట ఒక చెరువుంది. చెరువని పేరే గానీ సగం బురద, మిగతాది జమ్ము, పచ్చిగడ్డి. ఆ గడ్డి మీద మునిరత్నమ్మ ఎనుములు, వాటి పాల మీద మునిరత్నమ్మ బతుకుతున్నారు. లాడ్జీల పక్కనున్న టీ కొట్లకు ఏళ్ల తరబడి ఆమె పాలే. మాటకు తొందర, చేతికి ఇంకా తొందర. ముందు చేసేసి, ఎందుకు చేశానా అని తర్వాత తల పట్టుకునే రకం.

చెరువు చుట్టూ నడకదారి వేయాలని కౌన్సిల్ తీర్మానించిందని వార్డు కార్పొరేటర్ మనిషి ప్రతాప్ వచ్చి చెప్పాడు.

"రోడ్డుండాది గదప్పా, ఇంకో దారెందుకు?"

"అది పోయేదానికి. ఇది వూరికే నడిచేదానికి, అత్తా. షుగరుండేటోళ్లు నడుస్తారు."

"నడిచి యాడికి పోతారు?"

"యాడికీ పోరు. మళ్లా ఈడికే వస్తారు."

మునిరత్నమ్మకు ఏమీ బోధపడలేదు. తన గడ్డి మీద సిమెంటు పోస్తారన్న ఒక్క ముక్క మాత్రం అర్థమైంది.

కొన్నాళ్లకు ఎవరో వచ్చి గడ్డి అంచున రాళ్లు పాతి వెళ్లారు. అవి దారికేననుకుంది. ఒక్కరినీ అడిగిన పాపాన పోలేదు. తెల్లారి తలస్నానం చేసి, నీళ్ల దగ్గరుండే ఏడుగురు అక్కదేవతలకు చేసినట్టే, తన ఇంటికి ఎదురుగా ఉన్న రాతికి పసుపు పూసి, కుంకుమ పెట్టి, వేపరెమ్మ కట్టింది. అమ్మ నిలబడిన చోట ఏ మేస్త్రీ గునపం దించుతాడో చూస్తానంది.

"అమ్మ ఎప్పుడొచ్చిందక్కా?" అని పక్కింటి లీలావతి చెంపలు వేసుకుంది.

"రాత్రి కల్లోకొచ్చి ఈడ నిలబెట్టమనింది" అంది మునిరత్నమ్మ, కన్నార్పకుండా.

శుక్రవారానికి వీధంతా పొంగళ్లు పెట్టింది. ఆ నెలలోనే మునిరత్నమ్మ పెద్ద ఎనుము ఈనలేక అల్లాడితే, దిక్కుతోచక ఆమే ఆ రాతికి మొక్కుకుంది. తల్లీ దూడా క్షేమంగా బయటపడ్డాయి. అప్పటి నుంచి, తను చెప్పింది అబద్ధమని ఆమెకే గుర్తు లేకుండా పోయింది.

ఆ తర్వాత ఇంజనీరు జయచంద్ర ఇద్దరు కూలీలతో వచ్చాడు. నడకదారి ఆగిపోయిందన్నాడు. మునిరత్నమ్మ ఎగిరి గంతేసినంత పని చేసింది.

"అంతా అమ్మ మహిమ సార్!"

"ఆ రాళ్లు దారివి కాదమ్మా. ఈ బురదనేలను కాపాడాలని కౌన్సిల్ పెట్టిన హద్దు. పక్షులొస్తాయి గదా. రాళ్లకు అవతల కట్టడాలుండవు, పశువులు మేసేదానికి లేదు."

"నా గడ్డిని నా ఎనుముల నుంచి కాపాడతారా?" ఆమెకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"ఆ సంగతి ఆలోచించే మొన్న ఇంకో తీర్మానం చేసినారు. ఈ అంచున కొంత మేతకు వదలమన్నారు. ఈ రాయిని చెరువు వైపుకు జరిపితే ఇవతలున్నదంతా నీ ఎనుములకే." జయచంద్ర రాతి వంక చూసి నసిగాడు. "కానీ ఇదేందమ్మా, ఇట్లుండాది?"

కూలీలు అప్పటికే చెప్పులు విడిచి వెనక్కి జరిగారు. "మాకు పిల్లలుండారు సార్, మేము ముట్టం."

లీలావతి వీధిలోని ఆడవాళ్లను వెంటబెట్టుకుని వచ్చింది. "అమ్మను కదిలిస్తే ఊరుకోం సార్. అక్క కల్లోకి వచ్చి నిలబడింది. అడగండి!"

అందరూ మునిరత్నమ్మ వైపు తిరిగారు. కల రాలేదని ఒక్క మాటంటే చాలు. నోరు తెరిచింది. వెనకనుంచి దూడ అరిచింది. దాన్ని బతికించింది ఎవరు మరి? కల అబద్ధమైతే, దూడ ఏమిటి?

"జరపొద్దు సార్" అంది. తన నోటినుంచి ఆ మాట ఎలా వచ్చిందో ఆమెకే తెలియలేదు.

మర్నాడు పొద్దున్నే పసుపు గిన్నె పట్టుకుని వచ్చింది. కట్టేసిన ఎనుములు రాతికి ఇవతలే నిలబడి అవతలి గడ్డిని చూస్తున్నాయి.

"అమ్మా, నువ్వు ఎవురి పక్కన నిలబడినావు?" అని అడిగి, భోరున ఏడ్చింది.

ఈనిన ఎనుము మెడ చాచి, రాతికి కట్టిన వేపరెమ్మను నమలసాగింది.